బరువు తగ్గాక ఎప్పుడూ చలేస్తోందా? ఒంట్లో ఏం జరుగుతోందంటే..

నిరుడు ఎండాకాలంలో ఏసీ 18 మీద పెట్టి, పైన ఫ్యాన్ కూడా తిరగాల్సిందేనని పట్టుబట్టిన మనిషే ఈ ఏడాది అదే గదిలో దుప్పటి కప్పుకొని కూర్చుంటారు. మధ్యలో జరిగిందల్లా పది, పదిహేను కిలోల బరువు తగ్గడమే. ఆఫీసులో కుర్చీ వెనక శాలువా చేరుతుంది. మే నెలలోనూ స్నానానికి వేడినీళ్లు కావాలి. రాత్రి పడుకున్నాక పాదాలు వెచ్చబడటానికి అరగంట పడుతుంది. చెయ్యి కలిపినవాళ్లు 'ఏంటి, చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి' అంటారు.

బరువు తగ్గితే షుగర్, బీపీ అదుపులోకి వస్తాయని, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని అందరూ చెబుతారు. చలి సంగతి మాత్రం ముందుగా ఎవరూ చెప్పరు. అందుకే అది మొదలైనప్పుడు చాలామంది కంగారు పడతారు. ఇంట్లోవాళ్లు 'ఒంట్లో రక్తం లేదు' అంటూ ఐరన్ మాత్రలు తెచ్చిస్తారు. స్నేహితులు 'థైరాయిడ్ చూపించుకో' అంటారు. రిపోర్టులో ఒక అంకె కాస్త తగ్గి కనిపించిందని థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇందుకు పూర్తి భిన్నంగా, 'సన్నబడితే చలి మామూలేలే' అని నెలల తరబడి వదిలేసేవాళ్లూ ఉన్నారు.

ఎక్కువమంది విషయంలో ఈ చలి జబ్బు కాదు. ఆదాయం తగ్గిన ఇల్లు ఖర్చు తగ్గించుకున్నట్టు శరీరం తన ఖర్చు తగ్గించుకుంటోందనడానికి గుర్తు. అయితే అన్నిసార్లూ అదే కారణం కాదు. ఏది పొదుపో, ఏది జబ్బో తెలియాలంటే ముందు ఒంట్లో వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

వంద వాట్ల బల్బు

మనిషి ఒంట్లో వేడి చాలావరకు వేరే పనుల మధ్య పుట్టేదే. గుండె కొట్టుకుంటుంది, కాలేయం పనిచేస్తుంది, మెదడు నిద్రలోనూ ఆగదు. తిండి నుంచి వచ్చిన శక్తితో ఈ పనులన్నీ జరుగుతుంటే, చివరికి అది వేడిగా మారి బయటికొస్తుంది. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు పావు వంతే పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడే. రెండు అంతస్తులు మెట్లెక్కితే చెమట పట్టేది అందుకే.

రోజుకు 2,000 కేలరీలు ఖర్చు చేసే మనిషి ఒంటి నుంచి సగటున దాదాపు 97 వాట్ల వేడి వెలువడుతుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు ఒకటి రాత్రీపగలూ వెలుగుతున్నట్టు లెక్క. బరువు తగ్గాక అదే మనిషి రోజువారీ ఖర్చు 1,600 కేలరీలకు దిగితే ఆ బల్బు 77 వాట్లకు పడిపోతుంది. గది అదే, ఏసీ అంకె అదే, లోపలి పొయ్యి మాత్రం అయిదో వంతు తగ్గింది.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. తక్కువ తిన్నా ఒంట్లో కొవ్వు కరుగుతోంది కదా, ఆ కొవ్వు మండితే వేడి రావాలి కదా? వస్తుంది. అయితే నిల్వలు కరిగిపోతున్నాయని తెలిశాక శరీరం వాటిని మునుపటి వేగంతో ఖర్చు చేయనివ్వదు. జీతం తగ్గినప్పుడు బ్యాంకులో డబ్బున్నా ఇంట్లో ఖర్చులకు కోత పడుతుంది. బియ్యం ఆపరు, పిల్లల ఫీజు ఆపరు, గీజరు ఆపేస్తారు. శరీరం చేసే పనీ దాదాపు అదే. గుండెకూ మెదడుకూ అందాల్సింది అందుతుంది. చేతివేళ్ల వెచ్చదనం, జుట్టు పెరుగుదల, కొందరు మహిళల్లో నెలసరి వెనక్కి వెళతాయి. వేగంగా బరువు తగ్గినవాళ్లకు రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా రాలడం, చలి ఎక్కువ కావడం తరచూ కలిసే కనిపిస్తాయి.

నిల్వల సంగతి మెదడుకు చేరవేసేది ప్రధానంగా లెప్టిన్ అనే హార్మోను. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దీన్ని గుర్తించింది. దీన్ని తయారుచేసేవి కొవ్వు కణాలే. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. తిండి బాగా తగ్గించినప్పుడైతే కొవ్వు కరిగిన దానికంటే ఎక్కువగా, ముందుగానే పడిపోతుంది. అది అందుకున్న మెదడు ఒకవైపు ఆకలి పెంచుతుంది, మరోవైపు ఖర్చు తగ్గిస్తుంది. థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే టీ4 హార్మోను, కణాల మీద గట్టిగా పనిచేసే టీ3గా మారే ప్రక్రియ కూడా నెమ్మదిస్తుంది. పొయ్యి మంటను తగ్గించే నాబ్ ఇదే అనుకోవచ్చు.

ఈ తగ్గుదల ఒళ్లు చిన్నదైనంత మేరకే ఉంటుందా? కాదని 1995లో రూడాల్ఫ్ లైబెల్, మైకేల్ రోసెన్‌బామ్, జూల్స్ హిర్ష్ ప్రచురించిన అధ్యయనం చూపింది. బరువులో 10 శాతం తగ్గినవాళ్ల రోజువారీ శక్తి ఖర్చు, వాళ్ల కొత్త శరీరానికి ఉండాల్సిన దానికంటే కూడా తక్కువగా తేలింది. 2016లో కెవిన్ హాల్ బృందం, 'ద బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికన్ టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్లు ఖర్చు చేసే శక్తి అంచనా కంటే రోజుకు సగటున దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. టీవీ పోటీ కోసం రోజుకు గంటల తరబడి వ్యాయామం చేసి, తిండి విపరీతంగా తగ్గించినవాళ్ల లెక్క అది. ఇంట్లో నెమ్మదిగా ఎనిమిది కిలోలు తగ్గినవాళ్లు దాన్ని తమకు అన్వయించుకుని బెంబేలెత్తాల్సిన పనిలేదు.

జూలైలో దుప్పట్లు అడిగిన 36 మంది

తిండి తగ్గితే చలి ఎలా పెరుగుతుందో అందరికంటే వివరంగా నమోదైంది రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో. యూరప్‌లో లక్షల మంది ఆకలితో అలమటిస్తున్నారు. బక్కచిక్కిన ఆ జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తేల్చడానికి మిన్నెసోటా యూనివర్సిటీలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న యువకుల్లోంచి 36 మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. అందరూ ఆరోగ్యవంతులే. 1945 ఫిబ్రవరి నుంచి జూలై దాకా 24 వారాల పాటు రోజుకు సగటున 1,570 కేలరీల తిండి పెట్టారు. బ్రెడ్, బంగాళదుంపలు, క్యాబేజీ, మాకరోనీ వంటివి. వారానికి 35 కిలోమీటర్లు నడవాలన్నది షరతు.

ఆరు నెలల్లో వాళ్లు దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోయారు. విశ్రాంతి వేళ శరీరం చేసే శక్తి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. నాడి వేగం బాగా నెమ్మదించింది. వేసవి నడుస్తున్నా వాళ్లకు చలి. దుప్పట్లు కావాలన్నారు. టీ, కాఫీ, సూప్ పొగలు కక్కుతూ ఉంటే తప్ప నచ్చేవి కావు. పిరుదుల దగ్గర కండ తగ్గి గట్టి కుర్చీల్లో కూర్చోలేక దిండ్లు వెంట పెట్టుకునేవారు. కీస్ బృందం ఈ వివరాలన్నిటినీ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా ప్రచురించింది.

అదే దశాబ్దంలో, 1943లో, బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. అక్కడి ఆకలిని ఎవరూ ఇంత ఓపికగా కొలిచి రాయలేదు.

మిన్నెసోటా అంకెల్లో నేటి పాఠకులు ఆగి చూడాల్సింది 1,570. ఆకలి ప్రయోగమని పేరు పెట్టి ఇచ్చిన తిండి అది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టుల్లో 1,200 కేలరీలవి, 1,000 కేలరీలవి కూడా ఉంటాయి. వాటిని వారాల తరబడి పాటిస్తూ ఎండాకాలంలో చలేస్తోందని ఆశ్చర్యపోతే ఆ ఆశ్చర్యానికే అర్థం లేదు. నిజమే, ఆ 36 మందికి ఒంట్లో అదనపు కొవ్వు లేదు. 95 కిలోల మనిషికి నిల్వలు ఉంటాయి కాబట్టి అంత దెబ్బ తగలదు. అయినా దిశ మాత్రం అదే.

చేతులే ఎందుకు చల్లబడతాయి?

చలేస్తోందని చెప్పేవాళ్లకు థర్మామీటర్ పెడితే చాలాసార్లు మామూలు ఉష్ణోగ్రతే కనిపిస్తుంది. దాంతో ఇంట్లోవాళ్లు 'అంతా నీ భ్రమ' అని తేల్చేస్తారు. అది భ్రమ కాదు. ఏళ్ల తరబడి తిండి పరిమితంగా తీసుకునేవాళ్లను పరిశీలించిన అధ్యయనంలోనూ శరీరం లోపలి ఉష్ణోగ్రత మిగతావాళ్ల కంటే తక్కువగా కనిపించింది కానీ ఆ తేడా డిగ్రీలో అయిదో వంతే. లోపలి వేడిని కాపాడుకోవడానికి శరీరం చర్మానికి వెళ్లే రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. చేతులు, కాళ్లు, ముక్కు చివర, చెవులు చల్లబడతాయి. చలి తెలిసేది ప్రధానంగా చర్మం ద్వారానే కాబట్టి, లోపల 98 ఫారెన్‌హీట్ ఉన్నా మనిషి వణుకుతాడు.

చర్మం కింద కొవ్వు తగ్గడం దీనికి తోడవుతుంది. కండరంతో పోలిస్తే కొవ్వు వేడిని సగం కంటే తక్కువగా బయటికి పోనిస్తుంది. ఒంటికి అదొక అస్తరు. అందుకే స్థూలకాయుల్లో పొట్ట మీది చర్మం చల్లగా, చేతులు వెచ్చగా ఉంటాయని పరిశోధకులు గమనించారు. పొట్ట దగ్గర అస్తరు మందంగా ఉంటుంది కాబట్టి మిగిలిన వేడిని చేతుల ద్వారా బయటికి పంపుతుందన్నమాట. బరువు తగ్గాక ఈ అమరిక తిరగబడుతుంది. అస్తరు పలచబడి వేడి అన్నివైపుల నుంచీ పోతుంటే చేతుల ద్వారా పంపే అవసరమే ఉండదు.

మూడోది కండ. బరువు తగ్గినప్పుడు కరిగేది కొవ్వొక్కటే కాదు. సాధారణంగా తగ్గిన బరువులో పావు వంతు వరకు కొవ్వు కాని భాగం ఉంటుంది, అందులో కండ కూడా ఉంటుంది. చలేసినప్పుడు వణుకుతో వేడి పుట్టించేది కండే. విశ్రాంతి వేళ కూడా వేడిలో దాని వాటా తక్కువేం కాదు.

భారతీయులకు ఇక్కడ మరో చిక్కుంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అదే ఎత్తుకు, అదే బరువుకు మనవాళ్లలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అని వైద్యులు పాఠంగా చెప్పే ఫొటో అది. మొదట్లోనే కండ తక్కువున్న మనిషి తిండి మానేసి బరువు తగ్గితే, ఉన్న కాస్త కండలోంచే మళ్లీ పోతుంది.

నెదర్లాండ్స్‌లోని లీడెన్‌లో 2014లో జరిగిన ఒక చిన్న అధ్యయనం కూడా ఇదే వైపు చూపిస్తోంది. దక్షిణాసియా మూలాలున్న 12 మంది సన్నని యువకులను, యూరప్ మూలాలున్న 12 మందితో కలిపి చల్లబరిచి చూశారు. దక్షిణాసియా యువకులు 2 డిగ్రీలు ముందే వణకడం మొదలుపెట్టారు. వేడి పుట్టించడమే పనిగా ఉన్న గోధుమ రంగు కొవ్వు వాళ్లలో దాదాపు మూడో వంతు తక్కువగా ఉంది. 24 మందిని చూసి 200 కోట్ల మంది గురించి తీర్పు చెప్పలేం. అయినా అమెరికాలో, కెనడాలో మొదటి శీతాకాలం గడిపిన తెలుగువాళ్లకు ఈ ఫలితం పెద్ద వింతగా తోచకపోవచ్చు.

ఆఫీసు ఏసీ సంగతీ చెప్పుకోవాలి. కార్యాలయాల ఉష్ణోగ్రతల లెక్కలకు 1960ల నుంచి ప్రాతిపదికగా ఉన్నది 70 కిలోల, 40 ఏళ్ల పురుషుడి శక్తి ఖర్చు అని నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో ఎత్తిచూపారు. మహిళలకు అది మొదటి నుంచీ చల్లనే. 55 కిలోలకు దిగిన మహిళకు మరీ చల్లన. భారత్‌లో 2020 నుంచి కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉంది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది ఇష్టారాజ్యం కాబట్టి చాలా ఆఫీసుల్లో ఆ 24 నిలవదు.

ఇంజెక్షన్లతో తగ్గినవాళ్ల సంగతి?

భారత్‌లో టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ 'వెగోవీ' పేరుతో అదే ఏడాది జూన్‌లో అందుబాటులోకి వచ్చాయి. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు ఇక్కడ 2026 మార్చితో ముగిసేది కావడంతో, చవక రకాల తయారీకి దేశీయ కంపెనీలు ముందే సిద్ధమయ్యాయి. ఈ మందుల గురించి తరచూ చెప్పే ఇబ్బందులు వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం. చలికి ప్రధాన కారణం చాలావరకు మందు కాదు, మందు వల్ల తగ్గిన తిండి. ఆకలే లేనప్పుడు రోజంతా రెండు ఇడ్లీలు, ఒక కాఫీతో గడిచిపోయినా తెలియదు.

సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షల్లో ఒకదానిలో 68 వారాలకు బరువు సగటున 15 శాతం వరకు తగ్గింది. అందులో కొందరికి ఒంటి స్కానింగ్ చేస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగమే. ఇంజెక్షన్ వేసుకుంటూ వ్యాయామం, ప్రొటీన్ పట్టించుకోనివాళ్లకు చలి ఎక్కువగా ఉండటంలో వింత లేదు.

పొదుపా, జబ్బా?

మొదటి ప్రశ్న: బరువు కావాలని తగ్గారా, దానంతట అదే తగ్గిందా? ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే వైద్యులు దాన్ని తీవ్రంగానే తీసుకుంటారు. అదుపులో లేని షుగర్, క్షయ, క్యాన్సర్, పేగుల జబ్బులు, కుంగుబాటు ఇలా అనేక కారణాలు ఉండొచ్చు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ అనుమానం ముందు రావాలి. చలేయడానికీ, చలితో జ్వరం రావడానికీ తేడా ఉంది. సాయంత్రం అయ్యేసరికి చలి, ఆ వెంటనే ఒళ్లు వేడెక్కడం, రాత్రి బట్టలు తడిసేలా చెమట, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే అది డైట్ వల్ల వచ్చిన చలి కాదు.

రక్తహీనత ఈ దేశంలో ఎంత విస్తారంగా ఉందంటే, చలి అన్న ఫిర్యాదు వినగానే హిమోగ్లోబిన్ చూడకుండా ముందుకెళ్లకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, అదే వయసు పురుషుల్లో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే కణాలకు ఆక్సిజన్ చాలదు, టీ4 టీ3గా మారడం కూడా మందగిస్తుంది. వేడికి రెండు వైపుల నుంచీ దెబ్బ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వల్లో ఇనుము అడుగంటి ఉండొచ్చు. అది తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. బరువు తగ్గాలని మాంసం, గుడ్లు మానేసినవాళ్లు, శాకాహారులు, పొట్ట సైజు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లు బీ12 కూడా చూపించుకోవాలి.

ఇక థైరాయిడ్. ఇందులోనే గందరగోళం ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే చలేస్తుంది, కానీ సాధారణంగా బరువు పెరుగుతుంది. ఎక్కువగా పనిచేస్తే బరువు తగ్గుతుంది, కానీ ఉక్కపోస్తుంది, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. బరువు తగ్గడమూ చలీ కలిసి కనిపిస్తే ఆ రెండు బొమ్మల్లో దేనికీ అది పూర్తిగా సరిపోదు. తక్కువ తిండి మీద ఉన్నప్పుడు పరీక్ష చేయిస్తే టీ3 తగ్గి, టీఎస్‌హెచ్ మామూలుగా ఉండటం సాధారణం. అది గ్రంథి జబ్బు కాదు, పైన చెప్పిన పొదుపే. దానికి థైరాక్సిన్ మాత్ర మందు కాదు. అవసరం లేకుండా వేసుకుంటే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడొచ్చు, ఉన్న కండ ఇంకా కరగొచ్చు. బరువు తగ్గడానికి ఈ మాత్ర వాడొద్దని అమెరికాలో దాని లేబుల్ మీదే గడి కట్టి హెచ్చరిక వేస్తారు.

అసలే థైరాయిడ్ జబ్బుండి ఏళ్లుగా మాత్ర వేసుకుంటున్నవాళ్లది ఇంకో సమస్య. ఆ మోతాదు నిర్ణయంలో బరువుకూ పాత్ర ఉంటుంది. 20 కిలోలు తగ్గాక పాత మోతాదు ఎక్కువ కావొచ్చు. చలేస్తోందని సొంతంగా పెంచుకుంటే మరింత ప్రమాదం.

మిగతా మందుల్నీ వదలకూడదు. బీపీకి, గుండె దడకు, మైగ్రేన్‌కు ఇచ్చే అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు చేతులు, కాళ్లు చల్లబడేలా చేస్తాయి. పైగా బరువు తగ్గితే బీపీ దానంతట అదే తగ్గుతుంది. 85 కిలోల నాటి మోతాదునే 70 కిలోల దగ్గర కొనసాగిస్తే చలితో పాటు లేవగానే కళ్లు తిరగడం మొదలవుతుంది. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఒక్కసారిగా ఒళ్లు చల్లబడి, చల్లటి చెమట పట్టి, చేతులు వణికితే అది చలి కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావొచ్చు. దుప్పటి వెతక్కుండా ముందు గ్లూకోజో, పంచదారో నోట్లో వేసుకుని, ఆ తర్వాత మీటర్‌తో చూసుకోవాలి.

వేళ్లు చలికి తెల్లగా, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మండితే అది రేనాడ్స్ కావొచ్చు. రక్తనాళాలు అతిగా ముడుచుకునే పరిస్థితి అది. వైద్యుడికి చూపించుకోవాలి.

మాట్లాడటానికి ఇళ్లలో ఇబ్బంది పడే విషయం మరొకటుంది. అప్పటికే సన్నగా ఉన్న టీనేజీ అమ్మాయి, కొన్నిసార్లు అబ్బాయి, ఇంకా తగ్గాలని తిండి మానేస్తుంటే, ఎండలోనూ స్వెటర్ వేసుకుంటుంటే, వీపు మీద, చేతుల మీద సన్నటి నూగు వస్తుంటే, నెలసరి మూడు నెలలుగా రాకపోతే, అది మొండితనం కాదు. అనొరెక్సియా అనే జబ్బు ప్రాణాల మీదికి తెస్తుంది. స్వెటర్ ఒక్కోసారి చలికి మాత్రమే కాదు, ఎంత చిక్కిందీ కనపడకుండా దాచుకోవడానికి కూడా. నాడి బాగా నెమ్మదించినా, స్పృహ తప్పినా, ఒంటి ఉష్ణోగ్రత 95 ఫారెన్‌హీట్ కంటే దిగినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మళ్లీ వెచ్చబడాలంటే

జబ్బు లేదని తేలినవాళ్లలో చాలామందికి బరువు ఒక దగ్గర నిలిచి, తిండి ఖర్చుకు సరిపడా పెరిగాక చలి తగ్గుతుంది. టీ3 కొంత కోలుకుంటుంది, రక్తనాళాల ముడి సడలుతుంది. మిన్నెసోటా యువకులు కోలుకోవడానికి నెలలు పట్టింది. పోయిన కొవ్వు అస్తరు మాత్రం తిరిగి రాదు, రావాలని ఎవరూ కోరుకోరు కూడా. కాబట్టి పాత శరీరానికి సరిపోయిన 20 డిగ్రీల గది కొత్త శరీరానికి కాస్త చల్లగానే ఉండిపోవచ్చు.

ఇంకా తగ్గాల్సింది ఉంటే వేగం తగ్గించడం మొదటి పని. వారానికి అర కిలో దగ్గర ఉంటే శరీరం అంతగా బెదరదు. రెండో పని కండను కాపాడుకోవడం. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తడం, గుంజీళ్లు తీయడం, గోడకు చేతులానించి పుషప్స్ చేయడం వంటివి కండకు పని చెబుతాయి. నడక మంచిదే కానీ అదొక్కటే కండను నిలపదు.

తిండిలో చూసుకోవాల్సింది ప్రొటీన్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దలకు సూచించేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. బరువు తగ్గుతున్నవాళ్లకు నిపుణులు ఇంతకంటే ఎక్కువే, తరచూ 1.2 గ్రాముల వరకు చెబుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడక్కుండా పెంచకూడదు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చారెడు అన్నం మీద నీళ్లలాంటి పప్పు పోసుకుని 'ప్రొటీన్ తింటున్నాం' అనుకుంటే లెక్క సగానికి కూడా రాదు.

ప్రొటీన్‌కు మరో గుణం ఉంది. దాన్ని అరిగించడానికే, అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం వేడిగా ఖర్చవుతుంది. పిండిపదార్థాల్లో అది 10 శాతం లోపే, కొవ్వులో ఇంకా తక్కువ. మాంసం, గుడ్లు, ఉలవలు 'వేడి చేస్తాయి' అని పెద్దవాళ్లు అనే మాటకూ దీనికీ నేరుగా ముడిపెట్టలేం. ఆ లెక్కలో మామిడిపండు కూడా వేడి వస్తువే మరి. కానీ భోజనం తర్వాత ఒళ్లు కాస్త వెచ్చబడటం మాత్రం కొలిచి చూసిన నిజం. అందుకే రోజంతా పస్తుండి రాత్రి ఒక్కసారే తినేవాళ్లకు సాయంత్రం వేళ చలి ఎక్కువగా తెలుస్తుంది. చలికి తట్టుకోలేక గంటకో కప్పు టీ తాగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. భోజనంతో పాటు, తిన్న వెంటనే తాగే టీ, కాఫీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగితే మేలు.

బరువు నిలకడగా ఉండి రెండు మూడు నెలలైనా చలి తగ్గకపోతే, లేదా దాంతో పాటు ఆయాసం, దడ, కళ్లు తిరగడం, నెలసరి ఆగడం వంటివి ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. సాధారణంగా రాసేవి పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్, బీ12, టీఎస్‌హెచ్, షుగర్. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఒక కాగితం తీసుకెళ్తే వైద్యుడి పని సులువవుతుంది. ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారో, రోజుకు సుమారుగా ఏం తింటున్నారో, బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఏ బరువున్నప్పుడు రాసిచ్చినవో అందులో ఉండాలి.